మంద్రస్వరము

విద్యార్థుల తప్పులను ఎర్రసిరాతో గుర్తించుట ఉపాధ్యాయునకు నిత్యకృత్యము. తన తప్పును తాను గుర్తించుట మాత్రము అరుదు. గుర్తించినను దానిని పదిమంది యెదుట ఒప్పుకొనుట మరింత అరుదు. మన పాఠశాల పత్రికకు ఈ యేడు ఏదైన వ్రాయుమని పిల్లలు కోరినప్పుడు, అట్టి తప్పొకటి నాకు జ్ఞప్తికి వచ్చినది. అది చదువరులకు కొంత ఉపయోగపడునను నమ్మికతో ఇచట వ్రాయుచున్నాను.

హొసూరు ప్రాంతమున మనము తరతరములుగా నివసించుచున్నాము. మనకు ఇంట తెలుగు, అంగడిలో తమిళము, నలుబది కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరికి పోయినచో కన్నడము. నేనును ఈ మట్టిలో పుట్టినవాడనే. తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగి వచ్చి ఈ వృత్తిలో చేరితిని. చేరిన నాటినుండి ఉదయపు ప్రార్థనకును, వార్షికోత్సవపు పాటలకును పిల్లలను ఎంచు పని నాదే.

పదేండ్ల క్రిందటి మాట. ఎనిమిదవ తరగతి వరకు చక్కగా పాడిన బాలుడొకడు తొమ్మిదవ తరగతికి వచ్చుసరికి గొంతు మారి, పై స్థాయిని అందుకొనలేకపోయెను. వార్షికోత్సవమునకు సాధన జరుగుచుండగా నేను పాటను ఆపించి, “నీ గొంతు ఎక్కడో అడుగున గొణుగుతోంది. పాటంతా చెడిపోతోంది. పో, వెనక కుర్చీలు సర్దు” అని అందరి యెదుట అంటిని. పిల్లలు నవ్విరి. అతడు మారుపలుకక పోయి కుర్చీలు సర్దెను. ఆ సాయంకాలమే నేను ఆ మాటను మరచితిని. అతడు మరువలేదని తెలియుటకు నాకు ఇన్నేండ్లు పట్టినది.

పోయిన యేడు అతని తండ్రి మా యింటికి వచ్చెను. ఆయన గులాబీ తోట చేయు రైతు. బోరు వేయించుటకు తెచ్చిన అప్పు ఇంకను తీరలేదు. కుమారుడు డిప్లొమా చదివి, హొసూరులోనే ఒక కర్మాగారమున పని చేయుచు, సెలవు దినములలోను రాత్రులందును ఒక ఆర్కెస్ట్రాలో బాస్ గిటారు వాయించుచున్నాడట.

“సార్, మావాడు బెంగుళూరులో ఏదో పాత పెట్టె కొంటానంటుండాడు. ముప్పై వేలంట. ఒకరు వాడి వదిలేసిన దానికి అంత దుడ్డా? మీరంటే వానికి గురి. మీరు చెప్తే ఇంటాడు” అని చెప్పి, ఆయన గడప దగ్గర చాలసేపు నిలువబడెను.

నేను అతనిని పిలిపించి మందలింపబోతిని. అతడు తల వంచుకొని అంతయు విని, “ఈ ఆదివారము నాతో రండి సార్. చూసినంక మీరు వద్దంటే మానేస్తాను” అనెను. ఆ వినయము నన్ను కట్టివేసినది. సరే యంటిని.

బస్సులో అతడు నాకు పాఠము చెప్పెను. మామూలు గిటారునకు ఆరు తీగలు. బాస్ గిటారునకు సాధారణముగా నాలుగే, అవియు లావైనవి. వానిలో మిక్కిలి క్రింది తీగ సెకనుకు ఇంచుమించు 41 సార్లు కంపించును. ఆ ధ్వనితరంగపు పొడవు 8 మీటర్లకు పైబడును; మన తరగతి గదిలో ఈ గోడనుండి ఆ గోడవరకు పరచినను దానికి చోటు చాలదు. అట్టి ధ్వనిని గట్టిగా వినిపింపవలెనన్న చాల గాలిని కదిలింపవలెను. అందులకే పెద్ద స్పీకర్లు, బిగువైన చెక్కపెట్టె, ఎక్కువ శక్తిగల ఆంప్లిఫయరు కావలయును. శక్తిని రెట్టింపు చేసినంత మాత్రమున ధ్వని రెట్టింపుగా వినబడదనియు, అట్లు వినబడుటకు ఇంచుమించు పదిరెట్ల శక్తి కావలయుననియు అతడు చెప్పగా నేను ఆశ్చర్యపడితిని.

“ఇంతవరకు ఎట్లా వాయిస్తున్నావు?” అని అడిగితిని.

“బాడుగకు తెస్తుండాను సార్. ఒక కచేరికి పదహైదు వందలు. ఏటికి ఇరవై కచేరీలన్నా ఉంటాయి” అనెను. నేను మనసులో లెక్క వేసికొని ఊరకుంటిని.

ఈ వాద్యపు చరిత్రయు అతనికి తెలియును. పూర్వము పాశ్చాత్య బృందములలో ఈ పనిని మనిషి యెత్తుండు డబుల్ బాస్ అను వాద్యము చేసెడిది. దానిని మోసికొని తిరుగుట కష్టము. డ్రమ్ముల నడుమ అది వినబడుటయు కష్టమే. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అను నాతడు భుజమునకు తగిలించుకొని వాయింపదగిన విద్యుత్ బాస్ గిటారును అమ్మకమునకు తెచ్చెను. మన వీణకు వలె దానికి మెట్లు ఉండుటచే స్వరము ఖచ్చితముగా పలుకునని ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టెను. మరుసటి యేటనే దానికి తగిన ఆంప్లిఫయరును తెచ్చెను. 1969లో ఆంపెగ్ సంస్థవారు ఎస్.వి.టి. అను 300 వాట్ల యంత్రమును, పది అంగుళముల స్పీకర్లు ఎనిమిదేసి గల పెట్టెలను చేసి, ఈ మంద్రధ్వనిని పెద్ద మైదానముల చివరవరకు వినిపించిరి. ఆ పెట్టెలు ఒక్క మనిషి సులువుగా మోయదగినవి కావు. ఈనాడు రెండు మూడు కిలోల ఆంప్లిఫయర్లే అంతటి శక్తిని ఇచ్చుచున్నవి. కాని అట్టి క్రొత్తవాని వెల మా శిష్యునకు అందదు. అందుచేతనే పాతవాని కొరకు ఈ వెదుకులాట.

మొదట ఒక అంగడికి పోతిమి. అక్కడివారు ఒక ఆంప్లిఫయరును, దానితో రెండు స్పీకరు పెట్టెలను చూపి, మూడును కలిపి ముప్పై వేలకే ఇత్తుమనిరి. నాకు బేరము బాగుగనే తోచినది. అతడు యంత్రము వెనుకకు పోయి చిన్న అక్షరములను చదివెను. కనీసము 4 ఓములుండవలెనని అందున్నది. పెట్టెల వెనుక చూచెను. ఒక్కొక్కటి 4 ఓములు. బస్సు టికెట్టు వెనుక లెక్క వేసి నాకు చూపెను.

“రెండూ సమాంతర సంధానంలో పడతాయి గదా సార్. నాలుగు, నాలుగు అట్లా కలిస్తే ఫలిత నిరోధం రెండే. మిషను ఓర్చుకునే దానికి రెండింతలు కరెంటు లాగుతుంది. వేడెక్కి చెడిపోతుంది.”

అందరును అట్లే వాడుచున్నారని అంగడివాడు కన్నడమున చెప్పెను. అతడు కన్నడముననే మర్యాదగా వద్దని చెప్పి బయటికి వచ్చెను.

నేను ఆ టికెట్టును అడిగి తీసికొంటిని. సమాంతర సంధానము, ఫలిత నిరోధము అను మాటలు మన తరగతి గదిలోనివి. మన నల్లబల్లమీద సుద్దముక్కతో వ్రాసినవి. తెలుగులో చదివిన శాస్త్రము బయట ఎక్కడ పనికివచ్చునని తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుదురు. ఆనాడు అది ఒక రైతుబిడ్డ రెండేండ్లు కూడబెట్టిన ముప్పై వేలను కాపాడినది.

తరువాత ఒక పెద్దమనిషి యింటికి పోతిమి. ఆయన చర్చిలో చాలకాలము బాస్ వాయించినవాడు. నడుమునొప్పిచే పెట్టెను ఎత్తలేక అమ్మదలచెను. పది అంగుళముల స్పీకర్లు రెండు గల పెట్టె ఒకటి, 8 ఓములది; దానితో 300 వాట్ల ఆంప్లిఫయరు. మా శిష్యుడు పెట్టెముందు మోకాళ్లపై కూర్చుండి, స్పీకరు కాగితమును నాలుగు వ్రేళ్లతో సమముగా, మెల్లగా లోనికి నొక్కి చెవి యొగ్గెను. గీరుకొను చప్పుడు వచ్చినచో లోపలి తీగచుట్ట చెడినదని గుర్తట. చప్పుడు రాలేదు. పిమ్మట మీటరు పెట్టెను. అది ఆరు చూపినది.

“ఎనిమిదని రాసి ఆరే చూపుతోందే, ఇది మోసం కాదా?” అని నేను అతని చెవిలో అడిగితిని.

అతడు నవ్వెను. “కాదు సార్. మీటరు కొలిచేది ఏకముఖ విద్యుత్తుతో. పాటలో వచ్చేది ఏకాంతర విద్యుత్తు. ఎనిమిది ఓముల పెట్టె మీటరులో ఆరు దగ్గర చూపడమే సరి.” ఒక్క పూటలో అతడు నాకు దిద్దిన రెండవ లెక్క అది.

అతడు తీగ మీటబోగా పెద్దాయన ఆపి, గోడ మూలనున్న పెట్టెను గది నడుమకు జరిపించెను. మూలన పెట్టినచో గోడలవలన మంద్రధ్వని పెరిగి, సాధారణమైన పెట్టెయు గొప్పగా వినబడునట. “అక్కడ విని కొంటే ఇంటికి పోయి నన్ను తిట్టుకుంటావు” అని ఆయన తెలుగును కన్నడమును కలిపి అనెను. అమ్మువాడే తన సరకును ఉన్నదానికంటె గొప్పగా చూపనొల్లకుండుట నేను చూచుట అదే మొదలు. ఇరువదియేడు వేలకు బేరము కుదిరినది. స్పీకరు కేబులును ఆయన ఊరకనే ఇచ్చి, గిటారు కేబులును దాని బదులు ఎన్నడును వాడవలదనియు, అది సన్ననిది గాన వేడెక్కుననియు హెచ్చరించెను. ఇట్టి 8 ఓముల పెట్టెనే ఇంకొకటి ముందుముందు చేర్చుకొన్నచో సరిగా 4 ఓములగునని మా శిష్యుడు దారిపొడవునను సంతోషించెను.

తిరుగు బస్సులో పెట్టెను మా కాళ్ల దగ్గర పెట్టుకొని కూర్చుంటిమి. “ఇన్ని వాద్యములుండగా దీన్నే ఎందుకు పట్టుకున్నావు?” అని అడిగితిని.

“మీరే గదా సార్, నా గొంతు అడుగున ఉండాదంటిరి. అడుగున వాయించేది ఏదో ఒకటి ఉంటుంది గదా అని ఎతుకులాడినాను” అనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నచో నాకు కొంత సులువుగా నుండెడిది. కుర్చీలు, నవ్విన పిల్లలు, వంచిన తల, అన్నియు ఒక్కసారిగా నా కన్నుల యెదుట నిలిచినవి. “ఆ రోజు తప్పు నాది” అంటిని. “పోనీండి సార్” అని అతడు కిటికీ వైపు చూచెను.

ఆ రాత్రి నేను ఈ వాద్యకారులను గూర్చి వెదకి చదివితిని. అమెరికాలో డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ పాటలకు జేమ్స్ జేమర్సన్ అను నాతడు బాస్ వాయించెను. ఆ పాటలను లోకమంతయు విన్నది. కాని ఆ సంస్థ రికార్డులపై వాద్యకారుల పేర్లు సాధారణముగా వేసెడివారు కారు. 1971లో మార్విన్ గే పాటల రికార్డుపై ఆయన పేరు అచ్చయినది. అంతవరకు కోట్ల జనులు ఆ చేతివాటమునకు తలలూపిరి గాని, ఆ చేయి ఎవరిదో వారికి తెలియదు. అది చదువుచుండగా నాకు నా శిష్యుడే జ్ఞప్తికి వచ్చెను.

మరునాడు తండ్రి యింటికి పోయి లెక్క చెప్పితిని. ఏటికి ఇరువది కచేరీలు. బాడుగ ముప్పై వేలు. కొన్నది ఇరువదియేడు వేలకు. యేడాది తిరుగకముందే పెట్టె తన వెలను తాను తీర్చుకొనును. మిగిలిన మూడు వేలు ఇవిగో. ఆయన నోటులను లెక్కపెట్టలేదు. “మీరూ వాని పక్కనే చేరితిరా సార్?” అని మాత్రము అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. బోరు అప్పు ఆయన తలపై అట్లే యున్నది గదా.

కొండమీది చంద్రచూడేశ్వరస్వామి తేరు పండుగ దినములలో ఒక వీధిలో వారి కచేరి జరిగెను. ఆయనను వెంటబెట్టుకొని పోయి, జనము వెనుక నిలువబడితిని. నాలుగవ పాట నడుమ ఎవరి కాలో తగిలి బాస్ ఆంప్లిఫయరు ప్లగ్గు ఊడినది. గాయకుడు పాడుచునే యున్నాడు. డ్రమ్ములు మ్రోగుచునే యున్నవి. ఏది పోయినదో జనమునకు తెలియలేదు. కాని ముందు గంతులు వేయుచున్న పిల్లల అడుగులు తడబడినవి. సంగీతమనిన ఏమియు నెరుగని ఆ రైతు నా చేయి పట్టుకొని, “ఏమాయె సార్, పాట పలచనాయె?” అని అడిగెను. వేదికమీద కుమారుడు వంగి ప్లగ్గును మరల పెట్టెను. కాళ్ల క్రింది నేల అదరినది. “ఆ, వచ్చె” అని ఆయన నా చేయి వదలెను. కచేరి ముగియువరకు అచటనే నిలువబడెను.

పిల్లలారా, మీ గొంతు మారినప్పుడు సిగ్గుపడకుడు. అది చెడిపోవుట కాదు, క్రిందికి దిగుట. క్రింద కూడ పాటకు పని యున్నది. తల్లిదండ్రులారా, మీ బిడ్డ మీకు తెలియని పెట్టె నొకదానిని కోరినచో, వద్దనుటకు ముందు ఒక్కసారి వానితో బస్సెక్కి చూడుడు. లెక్క వానికి వచ్చునో రాదో అచటనే తెలియును.

ఈ యేడు మన ప్రార్థనలో గొంతు మారిన బాలురు అయిదుగురు వెనుక వరుసన నిలిచి, అదే పాటను మంద్రస్థాయిలో పాడుచున్నారు. వార్షికోత్సవమునను వారు పాడుదురు. కుర్చీలను మాత్రము పాట ముగిసిన పిమ్మట, నాతో కలిపి, అందరము సర్దుచున్నాము.