హెరాల్డ్ దర్వాజాకి కొత్త రబ్బరు

కారు తలుపు చుట్టూ ఉండే నల్లటి రబ్బరు పట్టీని మా నెల్లూరు మిస్త్రీలు బీడింగు అంటారు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నాకు రెండు జబానుల్లోనూ దానికి వేరే పేరు దొరకలేదు. బాగున్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది పోయాకే దాని సంగతి తెలుస్తుంది. వాన పడ్డ మర్నాడు తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంటుంది. అమ్మీ దాన్ని ‘నమీ’ అంటుంది. ఆమె ఆ మాట అన్న తీరులోనే తేమా, వాసనా, ఫికరూ అన్నీ వినిపిస్తాయి.

మాది రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండువారి ట్రయంఫ్ హెరాల్డ్‌ని మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారుచేశారు. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. అదే చాసిస్‌ని పొట్టి చేసి 1962లో అక్కడ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. అదీ మికెలోట్టి గీసిందే. అందుకే అబ్బా మా కారుని “స్పోర్ట్స్ కారుకి బడే భాయ్” అని పరిచయం చేసేవారు. స్పీడెంత అని ఎవరైనా అడిగితే మాత్రం బానెట్ ఎత్తి చూపించి మాట మార్చేసేవారు. నిజానికి ఆ బానెట్ చూడదగ్గదే. మడ్‌గార్డులతో సహా మొత్తం ముక్కు భాగమంతా ముందుకి వాలిపోతుంది. ఇంజను చుట్టూ నిలబడి పని చేసుకోవచ్చు.

హెరాల్డ్ బాడీ ఒకే ముక్క కాదు. విడి చాసిస్ మీద భాగాలు భాగాలుగా బోల్టులతో బిగించినది. మరమ్మతుకి ఎంత సులువో, నీళ్లు దూరడానికీ అంతే సులువు. ఎన్ని అతుకులుంటే వానకి అన్ని రాస్తాలు.

అబ్బా ఇంతెకాల్ అయ్యాక రెండేళ్లు కారు వేపచెట్టు కిందే ఉండిపోయింది. అమ్మేద్దామని భాయిజాన్, వద్దని నేను. ఆపా కొడుకు కాలేజీ ఫీజు కట్టాలి, ఇనప సామాను చూసుకుంటూ కూర్చుంటే ఎలా అని ఆయన వాదన. అది తప్పని నేనెలా అంటాను? అయినా ఒప్పుకోలేకపోయాను. ఎనిమిది నెలలుగా మా ఇద్దరి మధ్యా సలాం, వాలేకుం సలాం తప్ప మాటల్లేవు. మిగతావన్నీ అమ్మీ మోసేది, అటు మాట ఇటు, ఇటు మాట అటు.

బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పాత కార్ల షౌఖీన్. ఇంజను సంగతి తను చూసుకుంటాడట. కానీ వానకి లోపలికి నీళ్లు దిగే కారు, ఫ్లోర్ తుప్పు పట్టే కారు తనకి వద్దన్నాడు. నవంబరు వానలు నెల్లూరుని ఎలా ముంచుతాయో మీకు తెలుసు. రబ్బరు నేను మారుస్తానని అమ్మీకి చెప్పాను. అమ్మడానికా, ఉంచుకోడానికా అని ఆమె అడగలేదు. ఎంత బాగా చేస్తే కారు అంత తొందరగా గడప దాటుతుందని తెలిసే మొదలుపెట్టాను.

పాత రబ్బరు చేత్తో లాగితే బిస్కట్టులా విరిగింది. సహజ రబ్బరుకి ఎండా, గాలిలోని ఓజోనూ దుష్మన్లు. ముందు మెరుపు పోతుంది, తర్వాత గట్టిపడుతుంది, ఆనక పగుళ్లు. దానికి నొక్కితే మళ్లీ పొంగే గుణం ఉండాలి. ఆ గుణం పోయాక తలుపు చుట్టూ అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇప్పుడు దొరికే ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరు ఎండకీ ఓజోనుకీ బాగా తట్టుకుంటుంది. మెరవాలని గ్రీజో, ఇంజనాయిలో పూశారంటే మాత్రం అదీ ఉబ్బి బర్బాద్ అవుతుంది.

రబ్బరు కొనేముందు తలుపుకీ, ఫ్రేముకీ మధ్య సందు ఎంతో తెలియాలి. తలుపు మూశాక ఆ సందు కంటికి కనపడదు కదా! దానికి అమ్మీ రొట్టెల పిండి అక్కరకొచ్చింది. గోలీలంత ముద్దలు చేసి, పాలిథిన్ కాగితం చుట్టి, ఫ్రేము పొడుగునా జానెడుకొకటి పెట్టి తలుపు మూశాను. తెరిచి, నలిగిన ముద్దల మందం స్కేలుతో కొలిచాను. కబ్జాల దగ్గర 6 మిల్లీమీటర్లు, పైన వెనక మూలలో 11. రబ్బరు ఆ పెద్ద సందుని కూడా నింపాలి, చిన్న సందులో నలిగిపోయీ తలుపుని పడనివ్వాలి. బోలుగా, మెత్తగా ఉన్నదైతేనే రెండూ చేయగలదు. గట్టి రబ్బరు కొనుక్కొచ్చి, తలుపు పడటంలేదని మోకాలితో గుద్దే మిస్త్రీలని చాలామందినే చూశాను. పిండి వృథా చేశానని అమ్మీ పోట్లాడింది. ఆ పోట్లాట మాత్రం నేరుగా నాతోనే.

పాత రబ్బరు ముక్కని జేబులో వేసుకుని మద్రాసు రైలెక్కాను. పుదుప్పేట సందుల్లో పాత కార్ల తాలూకు దొరకని సామాను తక్కువ. నాలుగో దుకాణంలో ఒక ముసలాయన ముక్కని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, కారు పేరు నేను చెప్పకుండానే “హెరాల్డా?” అన్నాడు. రెండు తలుపులకి ఏడు మీటర్లు చాలు, ఎనిమిది కోయించాను. ముందు అద్దం రబ్బరు కూడా ఆయన దగ్గరే దొరికింది.

అతికించడం ఒక పూట పని. దానికి ముందు శుభ్రం చేయడానికి నాలుగు రోజులు పట్టింది. పాత జిగురు మీద కిరసనాయిలు గుడ్డ కాసేపు పరిచి ఉంచితే మెత్తబడుతుంది. తిన్నర్ వాడితే జిగురుతో పాటు రంగూ లేచిపోతుంది. కిరసనాయిలు జిడ్డు పూర్తిగా తుడవకపోతే కొత్త జిగురు పట్టదు. రబ్బరు కింద తుప్పు మచ్చలు చాలా ఉన్నాయి. ఉప్పుకాగితంతో రుద్ది, రెడాక్సైడ్ కొట్టి, రంగు వేసి, ఆరనిచ్చాను. తలుపు అడుగున సన్నటి రంధ్రాలుంటాయి, వాటిని మరిచిపోకండి. కిటికీ అద్దం వెంట కొంచెం నీరు తలుపు కడుపులోకి ఎలాగూ దిగుతుంది. ఆ నీరు బయటికి పోవాల్సింది అక్కడినుంచే. మావి మట్టితో పూడుకుపోయాయి. పుల్లతో పొడిస్తే వేపాకుల పొడి, ఒక పాత బస్సు టిక్కెట్టు ముక్కా రాలాయి.

ముందు జిగురు లేకుండా రబ్బరు చుట్టూ పెట్టి చూసుకున్నాను. అతుకు కింద, గడప దగ్గర రావాలి. పైన వస్తే నీళ్లకి దావత్ ఇచ్చినట్టే. జిగురు రెండువైపులా రాసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక నొక్కాలి. రబ్బరుని లాగి అతికించకూడదు. సాగదీస్తే ఆ పూటకి చక్కగా కనపడుతుంది, నెల తిరిగేసరికి మూలల్లో లేచి నిలబడుతుంది. మూలల్లో కాస్త వదులుగా తోసి పెట్టి, చివర ఒక సెంటీమీటరు ఎక్కువగా కోసి, రెండు కొసల్నీ ఎదురెదురుగా నొక్కాను. తలుపు బిగుతుగా పడింది. గొళ్లేన్ని బయటికి జరిపితే సులువుగా పడుతుంది కానీ, అప్పుడు ఈ తంతంతా దేనికి? వారం రోజులు మూసి ఉంచితే రబ్బరే సర్దుకుంటుంది. తర్వాత న్యూస్‌పేపర్ చీలికని తలుపు సందులో పెట్టి లాగి చూశాను. అడుగడుగునా బిగుతుగానే పట్టుకుంది. మా పేపరుని అంత గట్టిగా పట్టుకున్నవాళ్లని ఈ మధ్య చూడలేదు.

మిగిలింది ముందు అద్దం. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అద్దానికి రబ్బరు తొడిగి, దాని గాడిలో చుట్టూ నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో బయటికి వదలాలి. సబ్బునీళ్లు పూసి అద్దాన్ని బయటినుంచి ఫ్రేములో ఆనించాలి. లోపల కూర్చున్నవాడు తాడు లాగుతుంటే రబ్బరు అంచు ఫ్రేము మీదికి ఎక్కుతూ వస్తుంది. సరిగ్గా తాడు వస్తున్న చోటే బయటివాడు అరచేత్తో అదమాలి. ఒకడు తొందరపడితే అద్దం పగులుతుంది. అమ్మీ ఎవరికి చెప్పిందో, ఏం చెప్పిందో తెలియదు. ఆదివారం పొద్దున్నే భాయిజాన్ చేతులు మడుచుకుని వచ్చి బయట నిలబడ్డాడు.

“ఆగు.”

“లాగు.”

“కొంచెం.”

గంటసేపు మా గుఫ్తగూ ఇంతే. అద్దానికి అటు ఆయన అరచెయ్యి, ఇటు నా వేళ్లు. అబ్బా చెయ్యీ అలాగే ఉండేది, బొటనవేలు కాస్త వెనక్కి వంగి.

ఇక ఇంతెహాన్. పైపుతో నీళ్లు కొడుతుంటే లోపల ఒకరు కూర్చుని చూడాలి. నేను తలుపు తీసేలోపే అమ్మీ ఎడమ సీట్లో, తన పాత జాగాలో కూర్చుంది. ఒళ్లో పొడి తువాలు పరుచుకుంది. నేను వెనక సీట్లో టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాను. భాయిజాన్ కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోయాడు. పైనుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరిందో పత్తా దొరకదు. తలుపులు పొడిగా ఉన్నాయి. గడప దగ్గర అతుకూ పొడిగానే ఉంది. నీళ్లు అద్దం మీదికి వచ్చాయి.

“ఇదిగో,” అంది అమ్మీ. తువాలు మీద ఒక చుక్క. తర్వాత ఇంకోటి.

అద్దం కింద, ఎడమ మూలలో. బయట భాయిజాన్ కుళాయి కట్టేసి, తడి చేత్తో ఆ మూలంతా తడిమాడు. రబ్బరు అంచు ఒక అంగుళం మేర లోపలికి మడతపడి ఉంది. అద్దం దించితే తప్ప అది సరికాదు.

ఆయన జేబులో ఫోన్ మోగింది. బెంగళూరాయనే. చేతులు చొక్కాకి తుడుచుకుని ఎత్తాడు.

“లేదండీ, ఇంకా కారుతోంది,” అన్నాడు భాయిజాన్. “వచ్చేవారం చెయ్యండి.”

ఫోన్ పెట్టేసి, తాడు ఎక్కడ పెట్టావని అడిగాడు, నన్నే.