గవర్రాజు గుమ్మం

తెల్లవారుజామున నాలుగున్నర. ఆ వేళకి మీ ఇంట్లో ఎవరు లేస్తారో గాని, మా ఇంట్లో గవర్రాజు లేస్తాడు. లేచినవాడు తన మానాన తాను ఉండొచ్చు కదా, ఉండడు. దొడ్డిగుమ్మం దగ్గర కూర్చుని మర్యాదగా ఒక్కసారి "మ్యావ్" అంటాడు. పది లెక్కపెట్టేంత సేపు ఆగుతాడు. ఆ తర్వాత ఇక మర్యాద ఉండదు. నేను చీకట్లో కళ్ళజోడు తడుముకుంటూ వెళ్ళి, పైగడియ, కిందగడియ, గొళ్ళెం మూడూ తీసి తలుపు తెరిస్తే, దొరగారు ముందరికాళ్ళు బయటా వెనకకాళ్ళు లోపలా పెట్టి, గడప మీద నిలబడి గాలి పీలుస్తాడు. వెళ్తాడా అంటే వెళ్ళడు. మూసేద్దామంటే తోక అడ్డం. ఈ లోపల రాజమండ్రి దోమలన్నీ గృహప్రవేశం చేసేస్తాయి.

గవర్రాజంటే మా పిల్లి లెండి. బూడిదరంగు ఒంటి మీద నల్లచారలు, మెడ కింద మాత్రం ఉతికి ఆరేసిన కండువాలాగా తెలుపు. ఆ కండువా చూసే మా ఆవిడ ఆ పేరు పెట్టింది. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో నీళ్ళమోటారు గదిలో అరచేతిలో ఇమిడేంత పిల్లగా దొరికాడు. పిల్లల్ని ఏడిళ్ళు తిప్పే కార్యక్రమంలో మాది ఎన్నో ఇల్లో తెలీదు, వాళ్ళమ్మ ఈయన్ని మాత్రం ఇక్కడే మర్చిపోయి చక్కా పోయింది.

పశువుల డాక్టరుగారి దగ్గర నా నిద్ర గోడు వెళ్ళబోసుకుంటే ఆయన నవ్వాడు. పిల్లులు అచ్చంగా పగటి జీవులూ కావు, రాత్రి జీవులూ కావుట. తెల్లవారేముందూ, పొద్దుగూకేటప్పుడూ వాటికి ఒంట్లో ఉత్సాహం. ఎలకలూ పిట్టలూ కదిలే వేళలు అవే మరి. అంటే నాలుగున్నరకి గవర్రాజు చేసేది అల్లరి కాదు, డ్యూటీకి బయల్దేరడం. మధ్యలో నేను గేటు దగ్గర వాచ్‌మన్ని.

పోయిన సంక్రాంతికి మా అమ్మాయీ అల్లుడుగారూ ఇంగ్లండు నుంచి వచ్చినప్పుడు ఈ భాగోతం నాలుగు తెల్లవారుజాములు చూశారు. "మావయ్యగారూ, మా ఊళ్ళో ఇలాంటి బాధే లేదండీ. తలుపులకే పిల్లి పట్టేంత చిన్న తలుపు ఉంటుంది" అన్నారాయన. అక్కడ దాన్ని క్యాట్ ఫ్లాప్ అంటారు. పైన బందుల మీద వేలాడే ఒక రెక్క, పిల్లి తలతో నెడితే తెరుచుకుంటుంది, వెళ్ళాక తనంతట తానే పడుతుంది. మా ఆవిడ వెంటనే దానికి పిల్లిగుమ్మం అని నామకరణం చేసేసింది. వేసవిలో ఎవరో తెలిసినవాళ్ళు వస్తుంటే వాళ్ళ పెట్టెలో పడేసి ఒకటి పంపించారు.

అది చేతిలో పట్టుకుని చూస్తుంటే నాకు మా అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చింది. అమలాపురం పక్కన పల్లెటూరు, మండువా లోగిలి. నాలుగు వైపులా వసారాలు, నడిమధ్య ఆకాశం. అలాంటి ఇంట్లో పిల్లికి తలుపేమిటండీ? పెంకుల మీంచి దిగేది, వాననీళ్ళు పోయే తూములోంచి దూరేది, దొడ్లోంచి వచ్చి వీధరుగు మీదికి పోయేది. పిల్లిని పెంచుకుంటున్నామని ఎవరూ అనుకోలేదు. దాని మానాన అది ఉండేది. పాలూ పెరుగూ ఉట్టి మీద ఉండేవి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత ఊరికే రాలేదు, ఉట్టి కింద కూర్చుని శపించేటంత తీరికా చొరవా మా ఇళ్ళల్లో పిల్లికి ఉండేవి.

ఆ ఇంట్లో ధాన్యం కొట్టుకి ఒక పాత తలుపు. కిందమూల జానెడు చెక్క ఊడిపోయి ఉండేది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి, ఎన్నేళ్ళైనా దాన్ని ఎవరూ బాగుచేయించలేదు. తాతయ్యది బద్ధకం అనుకున్నాను. ఒకసారి ఆ మాటే అంటే, "ఒరే, అది ఊడిపోలేదురా, నేనే ఊడగొట్టించాను. ఎలకలు ఎలాగూ దూరతాయి. పిల్లికి మాత్రం దారుండద్దూ?" అన్నాడు. ఆ చెక్క అంచులు ముట్టుకుంటే నున్నగా, నూనె రాసినట్టు ఉండేవి. ఎన్ని తరాల పిల్లుల వీపులు రాసుకున్నాయో!

తాతయ్యకి తెలీదు గాని, ఇదే పని ఇంగ్లండులో ఒక బిషప్పుగారు చేయించాడు. ఎక్సెటర్ అనే ఊళ్ళో పెద్ద చర్చి ఉంది. అక్కడి పాత గడియారం తాళ్ళకి రాసే కొవ్వు కోసం ఎలకలు ఎగబడేవిట. 1598లో గడియారం కింది తలుపుకి పిల్లి పట్టే కంత కోసినందుకు వడ్రంగులకి 8 పెన్నీలు ఇచ్చినట్టు చర్చి లెక్కల్లో ఉంది. గుండ్రంగా ఆ కంత ఇప్పటికీ ఉంది. అంతకన్నా ముచ్చటైన సంగతి, 1305 నుంచి 1467 దాకా ఆ చర్చి పిల్లికి జీతం కూడా ఇచ్చింది. మూడు నెలలకి 13 పెన్నీలు. జీతం అంటే తిండిఖర్చే అనుకోండి, అయినా పద్దు పుస్తకంలో పేరు పడిందా లేదా! గవర్రాజుకి ఈ కబురు నేను చెప్పలేదు. అసలే కండువా ఉంది.

పిల్లికంత అనగానే మీలో ఎవరో ఒకరు న్యూటన్ అంటారని నాకు తెలుసు. పెద్దపిల్లికి పెద్ద కంత, పిల్లకి చిన్న కంత వేయించాడనీ, పెద్దదాంట్లోంచి పిల్ల కూడా దూరుతుందని అంతటి మేధావికి తట్టలేదనీ కథ. నేను ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు ఈ కథ మీద నమ్మకం లేదు. ఆయన చనిపోయి నూరేళ్ళయ్యాక ఎవరో పుస్తకంలో రాసిన మాట అది. పిల్లికంత ఆయన కనిపెట్టాడనేది మరీ అన్యాయం. ఆయన పుట్టడానికి సుమారు 250 ఏళ్ళ ముందే ఇంగ్లీషు కవి చాసర్ తన కథలో ఒక నౌకరు చేత పిల్లి దూరే కంతలోంచి గదిలోకి తొంగిచూపించాడు.

సరే, మన దొడ్డిగుమ్మం దగ్గరికి వద్దాం.

ముందు పిల్లిని కొలవాలి. పొట్ట నేలకి ఎంత ఎత్తులో ఉందో చూసి, కంత కింది అంచు ఇంచుమించు అక్కడికి రావాలి. మరీ కిందికి పెడితే పాకాలి, మరీ పైకి పెడితే గెంతాలి. ఒళ్ళు ఎక్కడ ఎక్కువ వెడల్పో అదీ చూసుకోవాలి. పిల్లికి కాలర్‌బోన్ మనకున్నట్టు భుజాలకి బిగించి ఉండదు, కండలో తేలుతూ ఉంటుంది. అందుకే తలకాయ పట్టిన చోట తక్కిన ఒళ్ళు పట్టేస్తుందంటారు. మా గవర్రాజు పొట్ట విషయంలో మాత్రం ఆ సూత్రం మీద పూర్తి భరోసా పెట్టుకోలేకపోయాం. మా ఆవిడ కుట్టుమిషను టేపు పట్టుకుంది, నేను పిల్లిని పట్టుకున్నాను, పిల్లి టేపు పట్టుకున్నాడు. పొట్ట కింద ఐదు అంగుళాలు, పక్కల మధ్య ఐదున్నర, నా మోచేతి మీద గీతలు మూడు.

వడ్రంగి మేస్త్రి వచ్చాడు. తలుపు చూసి సామాను దింపకుండానే మొదలెట్టాడు.

"మేష్టారూ, ఇది టేకండీ బాబూ. ఇలాంటి చెక్క ఇప్పుడు డబ్బులిచ్చినా రాదు. దీనికి కన్నమా? నా చేత్తోనా?"

నిజమే. 1978లో నాన్న ఇల్లు కట్టినప్పుడు దగ్గరుండి కోయించిన కలప. ఒక క్షణం నాకూ చెయ్యి ఆడలేదు. "పోనీ, కోసిన ముక్క దాచి ఉంచండి. రేపు పిల్లి లేకపోతే మళ్ళీ అతికించేస్తాను" అన్నాడు. లోపల్నించి మా ఆవిడ, "ఆ మాట వెనక్కి తీసుకోవయ్యా" అంది. తీసుకున్నాడు.

పెట్టెలో వచ్చిన కాగితం అచ్చుని తలుపుకి అంటించి, మట్టం పెట్టి చూసి, పెన్సిలు గీశాడు. గీతల మీద కాగితం టేపు వేశాడు, చెక్క అంచులు పెచ్చులు లేవకుండా. నాలుగు మూలలా డ్రిల్లింగు మిషనుతో బెజ్జాలు వేసి, ఒక బెజ్జంలోంచి రంపం మిషను బ్లేడు దింపి చుట్టూ కోసుకొచ్చాడు. నలభై ఏళ్ళ పైబడిన టేకు లోపల ఎలా ఉంటుందో తెలుసా? పైన నల్లబడిపోయిన తలుపు, కోసిన చోట తేనెరంగు. ఇల్లంతా నూనెతో కలిసిన పచ్చిచెక్క వాసన. నాన్న చేతిసంచీ వాసన అది. ఇల్లు కట్టిన వేసవంతా ఆయన రంపం మిల్లు చుట్టూ తిరిగిన రోజుల వాసన. ముక్క చేతికొచ్చాక ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఇప్పుడది వంటింట్లో వేడిగిన్నె దించుకునే పీట.

కోసిన అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్ది, వార్నిషు రెండుసార్లు పట్టించమన్నాను. లేకపోతే వాన జల్లు తగిలి చెక్క ఉబ్బుతుంది, రెక్క బిగుసుకుంటుంది. అల్లుడుగారి ఇంట్లో కంత కోసే గొడవ ఇంకోలా వచ్చిందిట. వాళ్ళ వెనక తలుపు అద్దానిది. అది ఒకసారి కాల్చి గట్టిపరిచిన అద్దం, దానికి తర్వాత కంత కోయబోతే భళ్ళున ముక్కలైపోతుంది. కంతతో సహా కొత్త అద్దం చేయించుకోవాల్సి వచ్చింది. చెక్క నయం, ఏం చేసినా ఓర్చుకుంటుంది.

అంతా బిగించాక చూస్తే తేలిందేమిటంటే, కొలతల్లో లెక్కల మేష్టారు తప్పాడు. నేను ఎత్తు కొలిచింది వంటింటి నేల మీంచి. బయట దొడ్డి నేల దానికన్నా ఏడంగుళాలు పల్లం. లోపల ఐదంగుళాలున్న అంచు బయట నించి చూస్తే సరిగ్గా అడుగు. అడుగు ఎత్తు గెంతడం పిల్లికి ఒక లెక్కా అంటారా? గెంతుతూ గాలిలోనే తలతో తలుపు నెట్టి చూడండి, తెలుస్తుంది. మేస్త్రి అటూ ఇటూ చూసి, దొడ్లో మూల పడున్న మా పాత సన్నికల్లు తెచ్చి రెండు ఇటికల మీద మెట్టులా వేశాడు.

"రేపట్నించి వీడు ఇంట్లోకి వచ్చినప్పుడల్లా సన్నికల్లు తొక్కే రావాలి" అంది మా ఆవిడ. మెట్టెలొకటే తక్కువ.

గుమ్మం పెట్టగానే పని అయిపోదు. ఇల్లలకగానే పండగా? మొదటిరోజు గవర్రాజు దాని ముందు కూర్చుని, ఆ కొత్త వస్తువునీ నన్నూ మార్చి మార్చి చూసి, ఎప్పట్లాగే పెద్ద తలుపు దగ్గర "మ్యావ్" అన్నాడు. పట్టుకుని తోసెయ్యాలనిపిస్తుంది. ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, ఒక్కసారి భయపడితే జన్మలో దాని జోలికి రారు. రెక్కని పైకెత్తి బట్టల క్లిప్పుతో కట్టేసి వట్టి కంతలా ఉంచాం. అవతల ఎండు నెత్తళ్ళు రెండు. మీసాలు ముందు పంపించి, అంచులు తడిమి, తర్వాత తల, తర్వాత ఆలోచన, చాలాసేపటికి తక్కినదంతా. మూడు రోజులయ్యాక రెక్క సగం దించాం. తర్వాత పూర్తిగా. రెక్క అడుగున అయస్కాంతం ఉంటుంది, మూసుకున్నప్పుడు టక్కుమంటుంది. ఆ టక్కుకి అలవాటు పడటానికి ఇంకో నాలుగు రోజులు. తొమ్మిదో రోజు రాత్రి పడుకుని ఉంటే చీకట్లో "టక్" వినిపించింది. ఇద్దరం లేచి కూర్చున్నాం. పరీక్ష ఫలితాలప్పుడు కూడా మా అమ్మాయి కోసం అంత ఆనందపడలేదేమో.

వారం రోజులు నేను ఆరింటిదాకా నిద్రపోయాను. ఎనిమిదో రోజు పాలగిన్నె ఖాళీ. గవర్రాజు మంచం కింద, ఒళ్ళంతా జుట్టు విరబోసుకుని. వంటింటి గట్టు మీద వీధిలో తిరిగే ఎర్ర గండుపిల్లి, సొంత ఇంట్లో కూర్చున్నట్టు మూతి తుడుచుకుంటోంది.

ఫోన్లో అల్లుడుగారు దానికీ మందు చెప్పారు. న్యూటన్ సంగతి ఎలా ఉన్నా, నిక్ హిల్ అని కేంబ్రిడ్జిలోనే ఇంకో భౌతికశాస్త్రవేత్త, ఇలాగే పక్కింటి పిల్లుల బాధ పడలేక, పిల్లిని గుర్తుపట్టి తెరుచుకునే గుమ్మం తయారుచేశాడు. పిల్లి చర్మం కింద బియ్యపుగింజంత చిప్ వేస్తారు, అందులో 15 అంకెల నంబరు. ఆ గుమ్మం తనకి నంబరు తెలిసిన పిల్లికే తలుపు తీస్తుంది. ఇంగ్లండులో 2024 జూన్ నుంచి పెంపుడు పిల్లులకి ఆ చిప్ తప్పనిసరి, అక్కడ సరిపోతుంది. మాది అయస్కాంతం రకం. తలతో నెట్టినవాళ్ళందరూ దానికి చుట్టాలే.

గండుపిల్లితో పోయేదైతే సర్దుకునేవాళ్ళం. ఒక రాత్రి పందికొక్కు వచ్చింది. వర్షాలు మొదలయ్యాక మా ఆవిడ పాముల మాట ఎత్తింది. దొడ్డి అవతల ఖాళీ స్థలం, మోకాలెత్తు గడ్డి. ఇక చర్చ లేదు.

ఆ పరికరానికి చిన్న మర ఉంది. నాలుగు రకాలుగా తిప్పొచ్చు: రాకపోకలు రెండూ, రావడం మాత్రమే, పోవడం మాత్రమే, పూర్తిగా బందు. రాత్రి తొమ్మిదింటికి గవర్రాజు లోపల ఉన్నాడని చూసుకుని, మా ఆవిడ దాన్ని "పోవడం మాత్రమే" వైపు తిప్పేస్తుంది. బయటివాళ్ళెవరూ లోపలికి రాలేరు, మనవాడు నాలుగున్నరకి నన్ను లేపకుండా డ్యూటీకి పోవచ్చు. లెక్క సరిగ్గా సరిపోయింది.

నాలుగున్నరకి టక్కుమంటుంది. నేను పక్కకి ఒత్తిగిలి పడుకుంటాను. ఐదింటికి ఆయన రౌండు పూర్తి చేసుకుని, సన్నికల్లు ఎక్కి, రెక్కని తలతో ఒకసారి నెట్టి, మర్యాదగా "మ్యావ్" అంటాడు. పది లెక్కపెట్టేంత సేపు ఆగుతాడు. ఇదివరకు నిలబడి గొళ్ళెం తీసేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని మర తిప్పుతున్నాను. మొత్తం మీద అరగంట నిద్ర లాభం.