పది లక్షల వృత్తాలు, ఇరవై మెట్లు

పద్యపాదంలోని ప్రతి అక్షరమూ గురువో లఘువో అయి తీరాలి. మూడవ అవకాశం లేదు. ఇంత చిన్న నియమంలో ఎంతటి సముద్రం దాగి ఉన్నదో మన ఛందశ్శాస్త్రకారులు ఏనాడో గుర్తించారు.

ఒక అక్షరం పెరిగినప్పుడల్లా అమరికల సంఖ్య రెట్టింపవుతుంది. మూడక్షరాలకు 8, మగణం మొదలైన ఎనిమిది గణాలు అవే. పాదానికి ఇరవై అక్షరాలుండే 'కృతి' ఛందంలో 10,48,576. ఇరవైయారక్షరాల 'ఉత్కృతి'లో 6,71,08,864. వీటిని వరుసగా వ్రాయడమే ప్రస్తారం. నిమిషానికొకటి చొప్పున, నిద్రాహారాలు మాని వ్రాసినా, ఉత్కృతి ప్రస్తారానికి 127 ఏళ్లకు పైగా పడుతుంది.

నేటి కంప్యూటరుకు అది క్షణాల పని. కాని యంత్రానికీ హద్దున్నది. నూరక్షరాల పాదాన్ని ఊహించి, సెకనుకు నూరు కోట్ల అమరికలు వ్రాసే యంత్రానికి అప్పగిస్తే, పట్టే కాలం ఈ విశ్వం వయస్సుకు దాదాపు 2,900 రెట్లు. యంత్రం వేగాన్ని రెట్టింపు చేసినా, అదే కాలంలో అదనంగా అందేది ఒక్క అక్షరమే!

పింగళాచార్యుని శాస్త్రం ప్రస్తారంతో ఆగలేదు. అమరికను బట్టి దాని వరుస సంఖ్యను చెప్పే 'ఉద్దిష్టం', సంఖ్యను బట్టి అమరికను చెప్పే 'నష్టం' కూడా అందులో ఉన్నాయి. కృతి ఛందంలో 3,55,799వ వృత్తమేది? సంఖ్య బేసి అయితే గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. సరి అయితే లఘువు వ్రాసి సగం చేయాలి. 3,55,799 బేసి, కనుక గురువు. 1,77,900 సరి, లఘువు. 88,950 సరి, మరొక లఘువు. అదుగో, భగణం! ఇలా ఇరవై మెట్లు దిగితే నన్నయ నాటినుంచి తెలుగు కవులు అభిమానించిన ఉత్పలమాల ప్రత్యక్షమవుతుంది. తక్కిన పది లక్షల పైచిలుకు వృత్తాలలో ఒక్కదానినైనా ముట్టనక్కరలేదు.

ప్రతి సమస్యకూ ఇటువంటి దగ్గరిదారి దొరకదు. దొరకకపోవడమే ఒక్కొక్కప్పుడు మేలు. బ్యాంకు లావాదేవీలను కాపాడే 128 బిట్ల రహస్య సంకేతాన్ని ఛేదించదలచినవాడు సాధ్యమైన అమరికలన్నిటినీ వరుసగా ప్రయత్నించాలి; అతని ఆయుష్షు చాలదు. సామాన్యుని సొమ్ముకు ఆ అసాధ్యతే కాపలా.

అందువల్ల పెద్ద లెక్క ఎదురైనప్పుడు మొదట అడగవలసినది "అన్నిటినీ వ్రాయగలమా?" అని కాదు, "అన్నిటినీ వ్రాయవలసిన అవసరమున్నదా?" అని. ఏ కవీ పది లక్షల వృత్తాలనూ పలికి చూచి ఉత్పలమాలను ఎన్నుకోలేదు గదా!