ట్రకాయ్: మూడు కిటికీల ఇళ్ళ ఊరు

లిథువేనియా రాజధాని విల్నియస్‌కు పడమరగా సుమారు 28 కిలోమీటర్ల దూరంలో, సరస్సుల మధ్యకు చొచ్చుకుపోయిన నేలపై వెలసిన ట్రకాయ్ మధ్యయుగంలో ఆ దేశపు ప్రధాన పాలనాకేంద్రాలలో ఒకటిగా వెలిగింది. మహారాజు వీటౌటాస్ 1430లో ఇక్కడే మరణించాడు. 1655 నాటి మాస్కో దండయాత్రలో దెబ్బతిని శిథిలమైన ద్వీపకోట 20వ శతాబ్దంలో పునర్నిర్మాణం పొందింది. యాత్రికులు ఎక్కువగా చూసేది ఆ కోటనే అయినా, ఈ ఊరి అసలు సంపద దానికి చేరువలో ఉన్న కరాయిమ్ వీధి.

కరాయిమ్‌లు తుర్కీ మూలాలు గల చిన్న జాతి. వారి మతం యూదుల పవిత్ర గ్రంథాన్ని స్వీకరిస్తుంది గాని, దానిపై వెలసిన వ్యాఖ్యాన సంప్రదాయమైన తాల్ముద్‌ను అంగీకరించదు. 14వ శతాబ్దం చివర వీటౌటాస్ క్రిమియా నుండి తీసుకువచ్చి స్థిరపరచిన ఈ కుటుంబాలకు 1441లో మాగ్డెబర్గ్ హక్కులు, అనగా స్వయంపాలనాధికారం, లభించాయి. వీధివైపు మూడేసి కిటికీలు గల వారి చెక్క ఇళ్ళలో ఒక కిటికీ దేవునికి, ఒకటి వీటౌటాస్‌కు, ఒకటి ఇంటివారికి అని స్థానికులు చెప్పుకుంటారు. ఆశ్రయమిచ్చిన రాజును ఇంటి గోడలోనే నిలుపుకున్న ఈ కృతజ్ఞత ఎంతో హృద్యమైనది. అదే వీధిలో కెనెసా అనే వారి ప్రార్థనామందిరం ఉంది. సన్నగా తరిగిన గొర్రెమాంసం, ఉల్లిపాయలు పిండిలో పెట్టి, అంచులు జడలా మడిచి కాల్చే కిబినాయ్ వారి ప్రసిద్ధ వంటకం. చూపులకు అది మన కజ్జికాయే.

వారి భాష తెలుగు వలెనే మాటకు ప్రత్యయాలను వరుసగా చేర్చుకుంటూ పోతుంది. రష్యన్, పోలిష్, లిథువేనియన్ భాషల నడుమ ఆరు శతాబ్దాలు నిలిచిన ఆ భాష నేడు కొద్దిమంది వృద్ధుల నోళ్ళలోనే మిగలగా, దానిని పిల్లలకు నేర్పేందుకు మికోలాస్ ఫిర్కోవిచ్యుస్ రాసిన పాఠ్యపుస్తకం 1996లో వెలువడింది.

ఈ ఊరి జనాభా చరిత్రలో మానని గాయం ఒకటి ఉంది. 1941 సెప్టెంబర్ 30న ట్రకాయ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ నివసించిన యూదులు 1,446 మందిని నాజీలు, వారి స్థానిక సహాయకులు కాల్చి చంపారు. వారిలో 597 మంది పిల్లలు. నాజీలు యూదజాతిగా పరిగణించనందున కరాయిమ్‌లు ఆ మారణకాండ నుండి బయటపడ్డారు.

2011 జనగణనలో ట్రకాయ్ జనాభా 5,000 కంటే కొంచెం తక్కువ. లిథువేనియా మొత్తం మీద కరాయిమ్‌లు 2001లో 273 మంది ఉండగా, 2021 నాటికి 200 కంటే తక్కువే మిగిలారు.