వడ్ల రాశి దగ్గర ఇంగ్లీషు గ్రామర్

కోతల రోజుల్లో త్రిపురారం నుంచి మిర్యాలగూడ మిల్లుల వైపు వడ్ల బండ్లు బారులు తీరుతాయి. ఇంగ్లీషు గ్రామర్‌లో పిల్లల్ని తికమకపెట్టే వెర్బు, ఆబ్జెక్టు, కాంప్లిమెంటు మూడూ చెప్పడానికి సాగర్ ఎడమ కాలువ కింద పండిన ఆ వడ్లు చాలు.

‘ది ఫార్మర్ సోల్డ్ ది ప్యాడీ’ అనండి. రైతు దేన్ని అమ్మాడు? వడ్లను. అది ఆబ్జెక్టు. ‘ది ప్యాడీ ఈజ్ వెట్’ అనండి. ఇక్కడ ‘దేన్ని’ అనే ప్రశ్నకు చోటే లేదు. వడ్లు ఎట్లున్నాయి అని అడగాలి. తడిగా ఉన్నాయి. ‘వెట్’ వేరే వస్తువు కాదు, ఆ వడ్ల సంగతే. అది కాంప్లిమెంటు.

ఇప్పుడు ‘ది మిల్లర్ ఫౌండ్ ది ప్యాడీ’ అంటే, మిల్లరుకు వడ్లు కనబడ్డాయని అర్థం. చివర ‘వెట్’ చేర్చి చూడండి. వెతుకులాట పోయి, వడ్లు తడిగా ఉన్నాయని మిల్లరు తేల్చిన మాట అయింది. సర్కారు కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. ఆ చివరి మాట ఖరీదు రైతుకు తెలుసు. ప్యాడీ ఆబ్జెక్టు, వెట్ ఆ ఆబ్జెక్టుకు కాంప్లిమెంటు. ‘దే ఎలెక్టెడ్ హిమ్ సర్పంచ్’ కూడా ఇదే కోవ. తెలుగులో ‘అతన్ని’, ‘సర్పంచ్‌గా’ అని ప్రత్యయాలే రెండింటినీ విడదీస్తాయి. ఇంగ్లీషులో ఆ పని వరసది.

తరగతిలో ఏళ్ల తరబడి నడిచిన చిట్కా ఒకటుంది: వెర్బును పట్టుకుని ‘వాట్’ అని అడుగు, వచ్చిన జవాబే ఆబ్జెక్టు. ‘షి బికేమ్ ఎ టీచర్’ దగ్గర ఆ చిట్కా బోల్తా పడుతుంది. వాట్ అంటే టీచర్ అనే వస్తుంది. పిల్లాడు ఆబ్జెక్టు అని రాసి మార్కు పోగొట్టుకుంటాడు. అదే ప్రశ్న తెలుగులో వేస్తే చిక్కే లేదు. ‘ఆమె ఎవరిని అయింది’ అని మనలో ఎవరూ అడగరు. అనుమానం తీరకపోతే పాసివ్ వాయిస్‌లో పెట్టండి. ‘ది ప్యాడీ వాజ్ సోల్డ్’ కుదురుతుంది. టీచర్‌ను ముందుకు లాగితే వాక్యమే నిలబడదు.

వెనక ఏం రావాలో నిర్ణయించేది వెర్బే. నాకు చెప్పు, నాకు వివరించు అని మనం ఒకే తీరుగా అంటాం. ఇంగ్లీషులో ‘టెల్ మి’ ఒప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ తప్పు. ‘టాక్’ అబౌట్‌ను రానిస్తుంది, ‘డిస్కస్’ రానివ్వదు. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ ఈ సంగతి పట్టుకుని, ఏ వెర్బు ఏ అమరికలో నడుస్తుందో వర్గాలుగా విడదీసి 1954లో ఒక పుస్తకమే అచ్చు వేశాడు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు నిర్వచనాలు బట్టీ పెట్టిస్తే పరీక్ష గట్టెక్కుతుందేమో గానీ వాక్యం రాదు. టీచర్లూ, వెర్బును ఒంటరిగా నేర్పకండి. దాని వెంట వచ్చేవాటితో కలిపి, ఊళ్లో దొరికే వాక్యంలో పెట్టి నేర్పండి. ప్రశ్న మాత్రం తెలుగులోనే వేయండి.