నా లెక్కల పుస్తకంలో లేని పేర్లు

ఈసారి మిర్చి రేటు గురించో, పురుగు మందు గురించో కాదు. మార్చి నెల వస్తే నాకు యాదికొచ్చే ఒక బాకీ గురించి రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మధ్యలో ఉన్నది నాలుగు గంటలు. అప్పుడు మన టేకులపల్లిలో నా చేను రెండెకరాల్లో తేజ మిర్చి ఏరుడు నడుస్తోంది. సుక్మా వైపు నుంచి వచ్చిన ముఠా, మేస్త్రీతో కలిపి 14 మంది. చేను గట్టున పరదాలు కట్టుకుని ఉంటున్నారు.

తెల్లారి మేస్త్రీ వచ్చి "అన్నా, ఇంటికి పోతం" అన్నాడు. "బస్సులు లేవు, ఎట్ల పోతరు? ఏరుడు అయినాక నేనే బండి మాట్లాడిస్త" అన్నాను. ఆ మాటలో వాళ్ల మీద జాలి ఉంది, నా కాయ మీద భయం ఉంది. నిజం చెప్పాలంటే భయమే ఎక్కువ.

రెండు మూడు రోజులకు వ్యవసాయ పనులకు సడలింపు వచ్చింది, పని సాగింది. కానీ యార్డు బంద్. కాయంతా కల్లంలో ఉంది, చేతిలో పైసా లేదు. కూలి కొంత డబ్బు, కొంత ఎండు మిర్చి ఇచ్చి, మిగతాది కాంటా అయినాక ఇస్తానన్నాను. ఏప్రిల్ 14న లాక్‌డౌన్ మే 3 దాకా పొడిగించారు. రెండు రోజులు పోయాక పొద్దున్నే వెళ్లి చూస్తే పరదాలు లేవు. పొయ్యి రాళ్లు మాత్రం ఉన్నాయి. మేస్త్రీకి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

వాళ్లు పోయే దారి మనకు తెలిసిందే. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం బ్రిడ్జి. భద్రాచలం దాటితే ఆంధ్ర. చింతూరు మీదుగా పోతే కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాలు. రోడ్డెక్కితే ఆపుతారని అడవి బాటే పట్టి ఉంటారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ఏప్రిల్ ఎండ.

ఆ వారంలోనే ఒక వార్త వచ్చింది. ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడిచిపోతున్న 12 ఏళ్ల ఆదివాసీ పాప ఏప్రిల్ 18న దారిలోనే చనిపోయింది. మూడు రోజులు నడిచింది. ఊరు ఇంకా పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది. కరోనా లేదని పరీక్షలో తేలింది. ఒంట్లో నీళ్లు, లవణాలు తగ్గిపోయి ఉంటాయని డాక్టర్లు అన్నారు.

నా ముఠాలో కూడా ఆ ఈడు పిల్ల ఒకతి ఉంది. ఒక్కరోజూ పేరు అడగలేదు. అర కూలి కింద రాసుకున్నా.

మే 1న మన లింగంపల్లి నుంచే దేశంలో మొదటి శ్రామిక్ రైలు జార్ఖండ్‌కు బయలుదేరింది. అంటే బండి పెట్టడం చేతకాని పని కాదు, కానీ నెల దాటాక పెట్టారు. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీది నుంచి గూడ్సు బండి వెళ్లిపోయింది.

సెప్టెంబరు 14న పార్లమెంటులో ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగారు. అలాంటి లెక్కలు లేవని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది. లెక్కే లేదు కాబట్టి పరిహారం మాటే రాదంది. టీ కొట్టు దగ్గర నేనూ గట్టిగానే తిట్టాను. ఇంటికొచ్చి నా పుస్తకం తీశా. అందులో ఒక్క లైను: "మేస్త్రీ, 14 మంది, బాకీ 6,400." పేర్లు లేవు, ఊరు లేదు. సర్కారుకూ నాకూ తేడా ఏముంది?

మరుసటి ఏడు వేరే ముఠా వచ్చింది. పాతవాళ్ల సంగతి అడుగుదామంటే ఏమని అడగాలి? పేరు తెలియనోళ్లను ఎట్ల వెతికేది?

కాగితంలో లేకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? పాసుబుక్కు ఉన్నోడికి రైతుబంధు పడింది, కౌలుదారుకు పడలేదు. పోడు పట్టా లేనోళ్లు ఆఫీసుల చుట్టూ ఎంత తిరుగుతారో మన మండలంలో అందరికీ తెలుసు. మిర్చి ఏరే కూలీలది అంతకంటే కింది మెట్టు.

చట్టం లేక కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. ఐదుగురిని లేదా అంతకు మించి తెచ్చే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ప్రతి కూలీకి ఫొటోతో పాసుబుక్కు ఇవ్వాలని, దారి ఖర్చులు ఇవ్వాలని అందులో ఉండేది. ఆ పాసుబుక్కు మన చేలల్లో ఎవరైనా చూశారా? కొత్త లేబర్ కోడ్‌లో ఆ ఐదును పది చేశారు. 2021లో సుప్రీంకోర్టు చెప్పినాక ఏ రాష్ట్రం కార్డుకైనా ఎక్కడైనా రేషన్ ఇవ్వాలన్నారు, ఈ-శ్రమ్ నమోదు పెట్టారు. మంచిదే. కానీ చేను గట్టు మీద ఉన్నోళ్ల దాకా అది ఎవరు తీసుకురావాలి?

కష్టజీవుల సర్కారు అని ప్రతి ఎలక్షన్‌లో వింటాం. నేను అడిగేది ఒక్కటే. ముఠా ఊళ్లో దిగిన రోజే పంచాయతీలో వాళ్ల పేర్లు రాయాలి. ఆ రిజిస్టరు చూసి రేషన్ ఇవ్వాలి, పసిపిల్లలను అంగన్‌వాడీకి పంపాలి. మళ్లీ ఏదైనా ఆపద వస్తే ఎన్ని బండ్లు కావాలో ఒక్క పూటలో తెలియాలి.

సర్కారు మొదలుపెట్టేదాకా ఆగకుండా నా వంతు నేను చేస్తున్నా. ముఠా రాగానే ఒక్కొక్కరి పేరు, ఊరు, ఇంటి దగ్గర ఒకరి ఫోన్ నంబరు రాసుకుంటున్నా. పిల్లలకు కూలి కట్టడం మానేశా. కోత రెండు రోజులు ఆలస్యమైతది, అంతే.

ఆ 6,400 ఇంకా నా దగ్గరే ఉంది. ఈసారి మీ చేలకు సుక్మా వైపు ముఠా వస్తే ఒక మాట అడగండి: 2020లో టేకులపల్లిలో మిర్చి ఏరి, ఏప్రిల్‌లో నడిచిపోయిన 14 మందిలో ఎవరైనా తెలుసా అని. తెలిస్తే నాకు కబురు చేయండి. డబ్బు తీసుకుని నేనే వస్తా.