కనిపెట్టేవాళ్లూ, కనిపెట్టుకుని ఉండేవాళ్లూ

లండన్‌లో మా ఆఫీసులో ఎవరైనా చిన్న తేడా పట్టుకుంటే ‘భలే అబ్జర్వెంట్ నువ్వు’ అంటారు. మా వీధి చివర ఉండే యూదు కుటుంబం గురించి చెప్పేటప్పుడూ అదే మాట. అక్కడ చూపు చురుకన్న అర్థం కాదు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడేదాకా వాళ్లు కారు ముట్టరు. నిష్ఠగలవాళ్లన్నమాట.

నిష్ఠకీ చురుకు చూపుకీ చుట్టరికం లాటిన్‌లో ఉంది. ‘సెర్వారే’ అంటే కాపాడటం. ముందు ‘ఆబ్’ చేరితే కనిపెట్టుకుని ఉండటం. మనమూ పసివాణ్ణి కనిపెట్టుకుని ఉండమంటాం, దొంగను కనిపెట్టామంటాం. ‘అబ్జర్వ్’కి ఇంగ్లిష్‌లో ముందున్నది నియమం పాటించడమే. గమనించడమన్నది 16వ శతాబ్దంలో వచ్చి చేరింది.

దేశం నుంచి చుట్టాలొస్తే గ్రీనిచ్ కొండెక్కించి, సున్నా రేఖాంశం గీతకు అటో కాలు ఇటో కాలు వేయించి ఫొటో తీయడం ఇక్కడి తెలుగువాళ్లకు రివాజు. పోయిన వేసవిలో మా పిన్నీ బాబాయిలకూ ఆ ముచ్చట తీర్చాం. కొండ కింద, థేమ్స్ ఒడ్డున ఒకప్పుడు ‘అబ్జర్వెంట్’ ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం ఉండేదని మాత్రం ఎవరూ చెప్పరు. ఫ్రాన్సిస్ పెట్టిన నియమాన్ని సడలింపు లేకుండా పాటిస్తారు గనుక వాళ్లకా పేరు. ఎనిమిదో హెన్రీకి 1491లో బాప్తిస్మం ఇచ్చింది వాళ్ల చర్చిలోనే. పెద్దయ్యాక ఆయన కేథరిన్ రాణిని వదిలించుకోబోతే ఎదురుచెప్పింది కూడా వాళ్లే. 1534లో వెళ్లగొట్టాడు.

కొండమీద అబ్జర్వేటరీ పుట్టింది 1675లో, రెండో చార్లెస్ హయాంలో. తొలి రాజ ఖగోళజ్ఞుడు జాన్ ఫ్లామ్‌స్టీడ్. జీతం ఏడాదికి 100 పౌండ్లు. పరికరాలు చాలావరకు తనే సమకూర్చుకోవాలి! అయినా నలభై ఏళ్లకు పైగా మబ్బు లేని రాత్రల్లా చుక్కల స్థానాలు కొలిచి రాశాడు. నన్నడిగితే ఆయనా ఓ సన్యాసే.

1690 డిసెంబరులో యురేనస్ ఆయన కంటపడింది. వృషభరాశిలో ఇంకో నక్షత్రం అనుకుని రాసేసుకున్నాడు. పట్టికల్లో అది ‘34 టౌరీ’. అది నక్షత్రం కాదని 1781లో బాత్ ఊళ్లో తన ఇంటి పెరట్లోంచి పట్టుకున్నవాడు విలియం హెర్షెల్, వృత్తికి సంగీతకారుడు. మొదట తోకచుక్క అనుకున్నాడు గానీ, తేడా ఉందని కనిపెట్టాడు కదా. అబ్జర్వెంట్ బిరుదు ఆయనకే ఇచ్చేద్దామంటే, యురేనస్ సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి 84 ఏళ్లు. కక్ష్య లెక్కగట్టాలంటే పాత స్థానాలు కావాలి. ఖగోళజ్ఞులు వెతికి పట్టుకున్నవాటిలో అన్నిటికన్నా పాతది ఫ్లామ్‌స్టీడ్ 1690లో రాసిపెట్టిందే.